డబుల్ గ్లాస్ కిటికీకి నీళ్లు పడుతుంటే ముందు ఏ వైపు పడుతున్నాయో చూడండి

విజయవాడ బెంజ్ సర్కిల్ దగ్గర ఫ్లాట్‌లో యూపీవీసీ (గట్టి ప్లాస్టిక్ ఫ్రేము) డబుల్ గ్లాస్ కిటికీలు పెట్టించామని, తెల్లారేసరికి అద్దాలు తడిసిపోతున్నాయని, ఏసీ వేసినా కిటికీ పక్కన వేడి గాలి తగులుతోందని, మొత్తం మార్చేయాలా అని అడిగారు. అప్పుడే మార్చకండి. మాది గుంటూరు, ఈ రెండు బాధలూ మేమూ పడ్డాం.

పొద్దున్నే లేచి అద్దాన్ని వేలితో తుడిచి చూడండి. బయటి వైపు తుడిస్తే పోయిందంటే కిటికీలో లోపమేమీ లేనట్టే. వానాకాలం రాత్రి బయట 30 డిగ్రీలు, గాలిలో తేమ 80 శాతం ఉంటే, 26 డిగ్రీలకు చల్లబడ్డ దేనికైనా నీళ్లు పడతాయి. ఏసీ 18లో పెట్టి, ఆ గాలి నేరుగా అద్దానికే కొడుతుంటే బయటి అద్దం కూడా అంత చల్లబడొచ్చు. అద్దాల మధ్య ఉండే అల్యూమినియం పట్టీ వల్ల అంచుల్లో ఇంకాస్త ఎక్కువ. ఏసీ రెక్కలు పక్కకు తిప్పి 25 దగ్గర పెట్టుకోండి, చాలావరకు తగ్గుతుంది. నెట్‌లో దొరికే సలహాలు ఎక్కువగా చలిదేశాల వాళ్లవి, అక్కడ లోపలి అద్దం చెమరుస్తుంది. మనం వాటిని తిరగేసి చదువుకోవాలి.

లోపలి వైపు, అదీ అంచుల్లోనే తడి ఉంటే, బయటి తేమ గాలి సందుల్లోంచి దూరుతోందేమో చూడాలి. ఆ సంగతి కింద చెప్తా.

రెండు వైపులా తుడిచినా పోకపోతే మసక అద్దాల మధ్యలో ఉన్నట్టు. రెండు అద్దాలనూ అంచుల్లో అతికించి మూసే సీలు పోయింది, మధ్య పట్టీలో తేమ పీల్చే గుళికలు కూడా ఇక పనిచేయవు. మా పడమటి బెడ్‌రూం కిటికీ సరిగ్గా ఇంతే. పెట్టినవాళ్లు కిటికీ మొత్తం మార్చాలన్నారు. నమ్మబుద్ధి కాక ఇంకో ఫిట్టర్‌ని పిలిచాం. ఆయన బీడింగ్ (అద్దాన్ని ఫ్రేములో పట్టి ఉంచే పట్టీ) లేపి అద్దం బయటికి తీస్తే, కింద గాడిలో గోరు మునిగేంత నీళ్లు, మురుగు వాసన. ఫ్రేము కింద వాన నీళ్లు బయటికి పోయే రంధ్రాలు ప్లాస్టరింగ్ అప్పుడు సిమెంటుతో పూడిపోయాయి. అద్దం కింద ప్యాకింగ్ ముక్కలు కూడా లేవు. నెలల తరబడి సీలు నీళ్లలో నానితే ఏం మిగులుతుంది! రంధ్రాలు పొడిచి, అదే ఫ్రేములో కొత్త గ్లాసు యూనిట్ (సీలు చేసిన రెండద్దాల జత) ఒక్కటే వేశాడు. అద్దానికి బెజ్జం పెట్టి ఆరబెడతామంటే ఒప్పుకోకండి, మసక పోయినా సీలు తిరిగి రాదు. వారంటీ ఉందేమో ముందు బిల్లు తీసి చూడండి.

ఇక గాలి. మిర్చి సీజన్‌లో యార్డు వైపు నుంచి గాలి వీస్తే, తలుపులన్నీ మూసినా మా ఇంట్లో తుమ్ములే, కాబట్టి మాకు ముక్కే చెప్పేసింది. మీరు ఫ్యాను, ఏసీ ఆపి, తలుపులూ కిటికీలూ అన్నీ మూసి, వంటింటి ఎగ్జాస్ట్ వేయండి. అది ఇంట్లో గాలిని లాగేస్తుంది, బయటి గాలి సందుల్లోంచి వస్తుంది. వెలిగించిన అగరుబత్తి కిటికీ చుట్టూ మెల్లగా తిప్పండి. పొగ గోడకీ ఫ్రేముకీ మధ్య చెదిరితే ఆ సందు నింపే ఫోమ్ సరిగా కొట్టలేదు, పైన సిలికాన్ మాత్రం పూశారు. రెండు స్లైడింగ్ తలుపులు కలిసే చోట చెదిరితే అక్కడ సందు మూసే బ్రష్ పట్టీ అరిగిపోయి ఉంటుంది. తలుపు పక్కన సందు పైన ఒకలా కింద ఒకలా ఉంటే రోలర్ స్క్రూ తిప్పితే సర్దుకుంటుంది, ఖర్చు కూడా ఉండదు. బయటికి తెరిచే రకమైతే కాగితం పెట్టి మూసి లాగండి, సులువుగా జారితే రబ్బరు గాస్కెట్ బిగుతుగా లేనట్టు. స్లైడింగ్‌కి మాత్రం ఎంత చేసినా కొంచెం గాలి వస్తుంది, దానికి టెన్షన్ పడొద్దు.

గాలి వస్తోందని కింది రంధ్రాలకు సిలికాన్ కొట్టించకండి. ఫిట్టర్‌కి డబ్బులిచ్చే ముందు ట్రాక్‌లో ఒక మగ్గు నీళ్లు పోయించండి, అవి బయటికే కారాలి.