లంకల్లో ఆర్కిడ్ వెతకబోయే అమ్మాయికి

అమ్మాయీ,

ప్రాజెక్టు పర్యావరణ నివేదిక కోసం, గోదావరి మధ్య ఉన్న ఆ లంకకి జనవరిలో ఒక్కసారి వెళ్లి ఆర్కిడ్ సర్వే ముగించేద్దామని మీ ఆఫీసులో అంటున్నారని రాశావు. ఒప్పుకోకు. నువ్వు వెతికే హబెనేరియా అనే ఆర్కిడ్ నేలలో దుంప దాచుకుని బతికే మొక్క, వానలకి లేచి, పూసి, నేల ఆరేసరికి ఆకూ కాడా ఎండిపోతుంది. సంక్రాంతికి ఆ లంకంతా గాలించినా రెల్లూ తుంగా తప్ప ఏమీ కనపడవు, "మొక్క లేదు" అని నీ సంతకంతో ఓ కాగితం మాత్రం తయారవుతుంది. పెద్ద ప్రాజెక్టుల పర్యావరణ నివేదికలకి సాధారణంగా వానాకాలం వదిలేసి ఒక్క సీజన్ వివరాలే తీస్తారు. గాలికీ నీటికీ అది సరిపోతుందేమో గానీ దీనికి పనికిరాదు.

చిక్కల్లా, అది పూసే రోజుల్లోనే గోదావరికి వరద. గోదావరి పాయ వశిష్ఠ ఎర్రనీళ్లతో లంకల మీదకి ఎక్కాక ఏ పడవ వాడూ నిన్ను ఎక్కించుకోడు, ఎక్కించుకుంటానన్నా వెళ్లకు. ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఇచ్చే హెచ్చరికలు చూసుకుంటూ, ఆ రోజుల్లో గట్టుకి ఊరివైపు ఉన్న మెరక నేలలు చూసేయ్. నీళ్లు తీసి ఒండ్రు కాస్త గట్టిపడగానే లంకలోకి వెళ్లు, కార్తీకం లోపు మళ్లీ ఇంకోసారి.

చలికాలం విజిట్ మానమని కాదు. జ్యూక్సిన్ అని ఇంకో చిన్న ఆర్కిడ్ ఉంది, తడి గడ్డి నేలల్లో అప్పుడే పూస్తుంది. అరుదైనదేం కాదు, అమెరికాలో ఫ్లోరిడా లాన్లలో కలుపులా మొలుస్తోంది. అయినా కంటికి అలవాటు పడాలంటే దానితో మొదలుపెట్టడమే మేలు. జానెడు కూడా ఉండదు, ఆకులు సన్నగా గడ్డిలాగే ఉండి కొంచెం గోధుమ ఎరుపు తిరుగుతాయి, కొసన కుదురుగా తెల్లపూలు, ఒక్కో పూవులో పసుపు పెదవి. నిలబడి చూస్తే దొరకదు, గొంతుక్కూర్చోవాలి. (కూర్చునే ముందు కర్రతో గడ్డి తట్టు, రక్తపింజర ఉంటుంది. బూట్లు లేకుండా దిగితే ఊరుకోను.)

నీళ్లు నిలిచే జమ్ములోనూ, పూర్తిగా ఆరే ఇసకలోనూ ఎక్కువ సేపు పెట్టకు. రెండిటికీ మధ్య తడి ఆరని అంచు ఉంటుంది చూడు, అక్కడ ఇద్దరు ముగ్గురు బారెడు దూరంలో వరసగా నడవండి. గేదెలు మేసిన చోట పూలకాడలు మిగలవు, కాబట్టి మేత పడని ముళ్లకంపల మొదళ్లు కూడా చూడాలి. గడ్డి కోసే ఆడవాళ్లకి ఫొటో చూపించి అడుగు. "ఆయ్, అక్కడ చూశామండి" అని మర్యాదకి అనేస్తారు, అందుకని ఎప్పుడు, ఏ గట్టు పక్కన అని రెట్టించి అడగాలి.

దొరికితే తవ్వకు. మొక్క మొత్తం, ఆకు, పూవు ముందు నుంచీ పక్క నుంచీ ఫొటోలు తియ్యి, పూవు వెనక తోకలాంటి గొట్టం స్పష్టంగా రావాలి, జాతి తేల్చడానికి అది పనికొస్తుంది. పక్కన రూపాయి బిళ్ల పెట్టు. ఫోన్ జీపీఎస్ కొన్ని మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది గనుక ఏ తాడిచెట్టుకి ఎన్ని అడుగులో కూడా రాసుకో. ఆ చోటు వాట్సాప్ గ్రూపుల్లో పెట్టావంటే మర్నాడే ఎవడో పెరికేస్తాడు.

"మొక్కల్ని తీసి వేరేచోట నాటేస్తాం" అని మీ వాళ్లు తప్పకుండా అంటారు. ఆర్కిడ్ గింజ ధూళంత ఉంటుంది, దానిలో తిండి నిల్వ ఉండదు, నేలలోని శిలీంధ్రం అందిస్తేనే మొలకెత్తుతుంది. మొక్కని గోనెసంచిలో వేసుకెళ్లొచ్చు గానీ ఆ నేలని తీసుకెళ్లలేరు కదా, ఈ మాట నివేదికలో రాయి.

దొరక్కపోతే ఏ తేదీల్లో, ఎంత మేర, ఎన్ని గంటలు వెతికారో, వరద ఎప్పుడు తీసిందో రాసి "ఈ తేదీల్లో కనపడలేదు" అని మాత్రమే పెట్టు. దుంప ఒక్కో ఏడు పైకి రాకుండా నేలలోనే ఉండిపోతుంది కూడా. "లేదు" అని రాయమని టెన్షన్ పెడితే డ్రాఫ్టు నాకు పంపు, ఏ వాక్యం ఎలా ఉండాలో ఇద్దరం ఫోన్లో కూర్చుని చూద్దాం.

మీ మాస్టారు