పాత చీటీ మీద మందులు ఇవ్వనంటే కేసు పెట్టొచ్చా?

ప్రశ్న: మాది సోంపేట దగ్గర పల్లె. నాన్నకు 63 ఏళ్లు. బీపీకి, షుగర్‌కి ఆరేళ్లుగా అవే మాత్రలు. విశాఖలో డాక్టరుకు చూపించి ఏడాదిన్నర అయింది. ఇన్నాళ్లూ ఖాళీ స్ట్రిప్పు చూపిస్తే ఇచ్చేసిన మందుల షాపాయన పోయిన నెల నుంచి కొత్త చీటీ తెమ్మంటున్నాడు. దాని కోసం విశాఖ వెళ్లొస్తే నాకు రెండు రోజుల కూలి పోతుంది. ఇంగ్లండ్‌లో ఉన్న మా బావేమో అక్కడ చీటీ లేకపోయినా ఫార్మసిస్టే ఇస్తాడంటున్నాడు. షాపాయన మీద ఫిర్యాదు చేయొచ్చా?
– ఒక పాఠకుడు, శ్రీకాకుళం జిల్లా

జవాబు: చేసినా నిలబడదు. చట్టం ప్రకారం ఆయన ఇన్నాళ్లూ చేసిందే తప్పు, ఇప్పుడు చేస్తున్నది కాదు.

నాన్నగారి స్ట్రిప్పు ఒకసారి తిప్పి చూడండి. 'షెడ్యూల్ హెచ్' అని హెచ్చరిక ఉంటే ఆ మందును డాక్టరు చీటీ లేకుండా అమ్మకూడదు. 1945 నాటి ఔషధ నిబంధనల్లో 65వది చెప్పేది ఇదే. చీటీ మీద డాక్టరు సంతకం, తేదీ, రోగి పేరు, చిరునామా, మోతాదు, మొత్తం ఎన్ని మాత్రలన్నదీ ఉండాలి. చీటీ లేకుండా అమ్మితే లైసెన్సు రద్దు కావచ్చు. కేసు రుజువైతే ఏడాది నుంచి రెండేళ్ల దాకా జైలు, 20,000 రూపాయలకు తగ్గని జరిమానా ఉన్నాయి. ఇవన్నీ అమ్మినవాడికే, కొన్నందుకు మిమ్మల్ని ఎవరూ పట్టుకోరు. అందుకే షాపాయన భయం మనకు చాదస్తంలా కనిపిస్తుంది.

అదే నిబంధనలో మీకు పనికొచ్చే మాట ఒకటుంది. మళ్లీ ఇవ్వవచ్చని డాక్టరు రాయకపోతే ఒక చీటీ మీద మందు ఒక్కసారే ఇవ్వాలి. ఎన్నిసార్లు, ఎన్నాళ్లకోసారి ఇవ్వాలో రాస్తే ఆ ప్రకారం ఇవ్వాలి. చీటీ పాతదా కొత్తదా అని మనం షాపు దగ్గర వాదించుకుంటాం గానీ, అసలు చూడాల్సింది ఈ రాత ఉందా లేదా అని. కాబట్టి ఈసారి డాక్టరు గదిలోంచి లేచే ముందు, 'నెలకోసారి చొప్పున ఆరు నెలలు ఇవ్వవచ్చు' అని రాయించుకోండి. అడగడానికి మొహమాటం వద్దు. ఇచ్చిన ప్రతిసారీ షాపువాళ్లు తమ పేరు, చిరునామా, తేదీ ఆ చీటీ మీదే వేయాలి.

మీ బావగారు చెప్పింది అబద్ధం కాదు. ఇంగ్లండ్‌లో అంతకుముందు డాక్టరు రాసిన మందు అయిపోయి, చీటీ తెచ్చుకునే వీలు లేకపోతే, ఫార్మసిస్టు రోగితో మాట్లాడి, అవసరం నిజమేనని తేల్చుకుని, చాలా మందులు 30 రోజులకు మించకుండా ఇవ్వవచ్చు. అక్కడి చట్టంలోనే ఆ వీలుంది. మన నిబంధనల్లో ఫార్మసిస్టుకు అలాంటి అధికారం ఇవ్వలేదు. నన్నడిగితే, పదిహేను రోజులకైనా ఇవ్వాలి. దూరాభారం, కూలి నష్టం రోగులు కల్పించి చెబుతున్నవి కావు. కానీ నా అభిప్రాయం చూపించి షాపాయన లైసెన్సు కాపాడుకోలేడు కదా!

ఇంకో సంగతి. మీది ఉద్దానం ప్రాంతం, కిడ్నీ జబ్బు ఇంటింటి కథ. కొన్ని రకాల బీపీ మాత్రలు వాడేవారికి మధ్య మధ్య క్రియాటినిన్ (కిడ్నీల పనితీరు చెప్పే రక్తపరీక్ష), పొటాషియం పరీక్షలు చేసి మోతాదు సరిచూడాలి. ఏడాదిన్నరగా రక్తపరీక్ష లేకుండా అవే మాత్రలంటే, లాయరునైనా నాకూ కంగారుగానే ఉంది.

అయితే విశాఖే వెళ్లక్కర్లేదు. ముందు రాసిన డాక్టరే మళ్లీ రాయాలని చట్టం ఎక్కడా అనలేదు. మీ పీహెచ్‌సీలోని ఎంబీబీఎస్ డాక్టరు రాసినా చెల్లుతుంది. బీపీ, షుగర్ మాత్రలు అక్కడ ఉచితంగా కూడా దొరకవచ్చు. ఊళ్లో మనం 'ఆర్‌ఎంపీ' అని పిలిచే ఆయన చీటీ మాత్రం చెల్లదు. చట్టంలోనూ ఆర్‌ఎంపీ అనే మాట ఉంది గానీ, అక్కడ దానికి అర్థం మెడికల్ కౌన్సిల్‌లో రిజిస్టరైన డాక్టరని. ఈ మూడక్షరాల దగ్గర మోసపోయినవాళ్లు నా దగ్గరికే చాలామంది వచ్చారు.

2020 మార్చి 25న వచ్చిన టెలిమెడిసిన్ మార్గదర్శకాల ప్రకారం ఫోనులో చూసి రాసిన చీటీ కూడా చెల్లుతుంది. అదే జబ్బుకు అదే డాక్టరు ఎదురుగా చూసి ఆరు నెలలు దాటకపోతే ఫాలో-అప్ కింద వస్తుంది. మీకు దాటింది కాబట్టి వీడియోలో చూపించాలి. ప్రభుత్వ టెలిమెడిసిన్ సేవ ఈ-సంజీవనిలో దీనికి డబ్బు తీసుకోరు. నిద్రమాత్రల్లాంటి అలవాటు పడే మందులు మాత్రం ఈ దారిలో రాయరు.

నాన్నగారి మాత్రలు ఇప్పటికే అయిపోయి ఉంటే చీటీ గొడవ తేలేదాకా ఆగకండి. పాత చీటీ, ఖాళీ స్ట్రిప్పులు పట్టుకుని రేపు ఉదయమే పీహెచ్‌సీకి తీసుకెళ్లండి. కొత్త చీటీతో షాపుకు వెళ్లినప్పుడు బిల్లు అడిగి తీసుకోండి.