ఊపిరి జబ్బుకు కాళ్లకు కరెంట్ ఎందుకు పెడతారు?

ప్రశ్న: హనుమకొండలో ఉండే మా బాపుకు 68 ఏళ్లు, సీఓపీడీ (ఊపిరితిత్తుల్లో గాలి దారులు ఇరుకైపోయే దీర్ఘకాలిక జబ్బు). బాత్రూం దాకా నడిచినా ఆయాసమే. తొడలకు కరెంట్ పెట్టే మెషిన్ కొంటే ఇక నడక అక్కర్లేదంటున్నారు. నిజమేనా?

కాదు. నడవగలిగితే నడకే ముఖ్యం, మెషిన్ దానికి తోడు మాత్రమే.

ఈ జబ్బులో పాడయ్యేది ఊపిరితిత్తులొక్కటే కాదు. ఆయాసానికి భయపడి కూర్చుండిపోతే తొడ కండ కరిగిపోతుంది. కండ తగ్గిన కాలు కొంచెం పనికే అలసిపోతుంది, దాంతో ఆయాసం ఇంకా పెరుగుతుంది. బాపు లుంగీ పైకి మడిచినప్పుడు మోకాలి పైభాగం చూడండి, మీకే తెలుస్తుంది.

మెషిన్ చేసేదల్లా తొడ ముందు కండకు ప్యాడ్లు అంటించి, కొన్ని సెకన్లు బిగించి వదలడం. ఊపిరి మీద పెద్దగా భారం పడదు కాబట్టి మంచం దిగలేనివాళ్లకు పనికొస్తుంది. కొన్ని వారాలు క్రమంగా పెడితే తొడ బలం పెరగొచ్చు, ఊపిరితిత్తులు మాత్రం బాగుపడవు. గుండెకు పేస్‌మేకర్ ఉంటే డాక్టర్ చెప్పకుండా ఈ మెషిన్ జోలికే వెళ్లొద్దు.

ఫిజియోథెరపిస్టులు మామూలుగా 6 నుంచి 12 వారాలు, వారానికి 2, 3 సార్లు వ్యాయామం చేయిస్తారు. డాక్టర్ని అడిగి, ఇంట్లో కుర్చీలోంచి లేచి కూర్చోవడంతో మొదలుపెట్టించండి. తర్వాత భద్రకాళి చెరువు గట్టు మీద రెండు నిమిషాల నడక, ఆగి, పెదాలు ఈల వేస్తున్నట్టు పెట్టి మెల్లగా గాలి వదలడం, మళ్లీ నడక. ఛాతీ నొప్పి వచ్చినా, కళ్లు తిరిగినా ఆపేయాలి. ఇన్‌హేలర్ జేబులోనే ఉండాలి.

బీడీ ఇంకా తాగుతున్నారా? అయితే మెషిన్ కంటే ముందు ఆ సంగతి చూడండి.