ప్రొటీన్ డైసల్ఫైడ్ ఐసోమరేజ్‌లు కణంలో ఏమి చేస్తాయి?

ప్రొటీన్ తనంతట తానే మడతపడగలిగినప్పుడు ఎంజైములెందుకు అన్నది న్యాయమైన సందేహమే. చిక్కంతా సిస్టీన్ల (గంధకం ఉన్న అమైనో ఆమ్లాల) దగ్గర ఉంది. ఇన్సులిన్‌లో ఆరు సిస్టీన్లున్నాయి. అవి మూడు గంధకపు (డైసల్ఫైడ్) బంధాలుగా జతకట్టడానికి 15 మార్గాలుంటే, సరైనది ఒక్కటే. తప్పు జత పడితే విడిపోయి సరైనది కుదరడానికి, సాయం లేకుంటే, చాలా సమయం పడుతుంది.

1963లో కాలేయ కణాల్లో గుర్తించిన ప్రొటీన్ డైసల్ఫైడ్ ఐసోమరేజ్ (పీడీఐ) అనే ఎంజైము ఆ పనిని వేగవంతం చేస్తుంది. ఇది ఉండేది ప్రధానంగా ప్రొటీన్లు మడతపడే కణభాగమైన అంతర్జీవద్రవ్య జాలకంలో. దాని క్రియాశీల స్థానంలో రెండు సిస్టీన్లు ఉంటాయి. వాటిలో ఒకటి తప్పు బంధాన్ని తెంచి, తానే తాత్కాలికంగా ఆ ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. సరైన జత దొరకగానే వదిలేస్తుంది. ఎంత చక్కని ఏర్పాటో చూడండి! కొత్త బంధం వేసినప్పుడు మాత్రం ఎలక్ట్రాన్లు దీనికి చేరతాయి. వాటిని ఈఆర్‌ఓ1 అనే ఎంజైము తీసుకుని ఆక్సిజన్‌కు అందించి, దీన్ని మళ్లీ పనికి సిద్ధం చేస్తుంది.

మనిషిలో ఈ కుటుంబానికి సుమారు 20 మంది సభ్యులున్నారు. ఈఆర్‌పీ57 చక్కెర గొలుసులున్న ప్రొటీన్లను చూసుకుంటుంది. అసలు పీడీఐ అయితే కొల్లాజెన్ తయారీకి కావలసిన ప్రోలిల్ హైడ్రాక్సిలేజ్ అనే ఎంజైములో ఒక భాగం కూడా. అక్కడ దాని పని బంధాలు మార్చడం కాదు, తోటి భాగాన్ని కరిగిన స్థితిలో నిలపడం.