త్రిత్వం గురించి మధ్యయుగంలో అంతగా ఎందుకు వాదించుకున్నారు?

మీరు రెండు విషయాలు అడిగారు. దేవుడు ఒక్కడేనని అందరూ ఒప్పుకున్నాక మధ్యయుగపు క్రైస్తవ పండితులు త్రిత్వం మీద, అంటే ఆ ఒక్క దేవుడిలోనే తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ అనే ముగ్గురు వ్యక్తులున్నారన్న విశ్వాసం మీద, అంతగా ఎందుకు కొట్లాడుకున్నారని మొదటిది. ఆ వాదనల్లో ఏదైనా నేటికీ మిగిలి ఉందా అని రెండోది. నేను చరిత్ర ప్రొఫెసర్‌ని కాను. మా విచారణలో (పారిష్‌లో) చాలా ఏళ్లుగా పిల్లలకు సత్యోపదేశం, అంటే విశ్వాస పాఠాలు, చెబుతున్నాను. ఈ చరిత్ర చదవడం మొదలుపెట్టిందే ఆ పిల్లల ప్రశ్నల వల్ల.

మన దగ్గర త్రిత్వం అనగానే నీళ్లు, ఐసు, ఆవిరి అని చెప్పేస్తారు. ఒకే పదార్థం, మూడు రూపాలు. వినడానికి బాగానే ఉంటుంది. ఓ ఆదివారం ఏడో తరగతి పాప అడిగింది: "టీచర్, గెత్సెమని తోటలో యేసు ప్రభువు తండ్రికి ప్రార్థన చేశాడు కదా, అంటే తనకు తానే ప్రార్థన చేసుకున్నాడా?" ఆ పోలిక అక్కడే కూలిపోతుంది. ఐసు ఆవిరితో మాట్లాడదు. తండ్రి, కుమారుడు, పవిత్రాత్మ ఒకే వ్యక్తి వేసిన మూడు వేషాలైతే సువార్తలో సగం అర్థం కాకుండా పోతుంది. అలాగని ముగ్గురూ పూర్తిగా వేరు అంటే ముగ్గురు దేవుళ్లవుతారు. ముందు నుయ్యి, వెనక గొయ్యి. మధ్యయుగపు గొడవంతా ఈ రెంటి మధ్య దారి వెతకడమే.

11వ శతాబ్దం చివరికి ఫ్రాన్స్ పాఠశాలల్లో తర్కశాస్త్రం బాగా పుంజుకుంది. రోసెలిన్ అనే తర్క పండితుడు ఒక సూటి ప్రశ్న వేశాడు: ముగ్గురూ ఒకే వస్తువైతే, కుమారుడు మనిషిగా పుట్టినప్పుడు తండ్రీ పవిత్రాత్మా కూడా పుట్టినట్టేనా? కాదంటే ముగ్గురు దేవదూతల్లాగా మూడు వేరు వేరు వస్తువులని ఒప్పుకోవాలి కదా? 1092 ప్రాంతంలో ఫ్రాన్స్‌లోని స్వాసోన్‌లో జరిగిన చర్చి పెద్దల సభలో ఆయన ఆ మాట వెనక్కి తీసుకోవలసి వచ్చింది. ఆన్‌సెల్మ్ అనే వేదాంత పండితుడు ఆయనకు జవాబుగా ఒక చిన్న గ్రంథమే రాశాడు. నా దృష్టిలో రోసెలిన్ జవాబు తప్పు, ప్రశ్న మాత్రం నిజమైనది. మా క్లాసు పాప అడిగినదానికి అది చాలా దగ్గర.

అదే స్వాసోన్‌లో 1121లో పీటర్ అబెలార్డ్ అనే మరో తర్క పండితుడికి జరిగింది చదివితే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. ఆయన తన ఆత్మకథలాంటి ఉత్తరంలో రాసుకున్నాడు. త్రిత్వం మీద ఆయన రాసిన పుస్తకాన్ని విచారణకు పెట్టారు. ముగ్గురు దేవుళ్లని బోధిస్తున్నాడని విని, ఆయన ఊళ్లోకి రాగానే జనం రాళ్లతో కొట్టినంత పని చేశారు. అల్బెరిక్ అనే ప్రత్యర్థి వచ్చి, "దేవుడు దేవుణ్ణి కన్నాడు, దేవుడు ఒక్కడే. మరి దేవుడు తనను తాను కన్నాడని ఎందుకు ఒప్పుకోవు?" అని అడిగాడు. అబెలార్డ్ కారణం చెబుతానంటే, తర్కం మాకొద్దు, పూర్వపు పెద్దలు ఎవరైనా అలా రాసిన ప్రమాణం చూపించమన్నాడు. అబెలార్డ్ అల్బెరిక్ తెచ్చిన పుస్తకంలోనే పేజీ తిప్పి, ఏదీ తనను తాను కనదని తొలినాళ్ల క్రైస్తవ గురువు అగస్టీన్ రాసిన వాక్యం చూపించాడు. అల్బెరిక్ కోపంతో వెళ్లిపోయాడు.

అయినా శిక్ష తప్పలేదు. తన పుస్తకాన్ని తన చేతులతోనే మంటలో వేయించారు. అది కాలుతుండగా ఎవరో, తండ్రి ఒక్కడే సర్వశక్తిమంతుడని ఇందులో ఉందని గొణిగారు. పోపు ప్రతినిధి ఆశ్చర్యపోయి, సర్వశక్తిమంతులు ముగ్గురని చిన్నపిల్లాడికి కూడా తెలుసు కదా అన్నాడు. వెంటనే తియెరీ అనే పండితుడు అథనేసియస్ అనే పూర్వపు బిషప్పు పేరుమీద ఉన్న విశ్వాస ప్రమాణం (క్రైస్తవులు తమ నమ్మకాన్ని ప్రకటించే పాఠం) వినిపించాడు: "అయినను ముగ్గురు సర్వశక్తిమంతులు కారు, ఒక్కడే సర్వశక్తిమంతుడు." తీర్పు చెప్పడానికి వచ్చినవాడే గోతిలో పడ్డాడన్నమాట. త్రిత్వం గురించి మాట్లాడేటప్పుడు ఒక్క పదం తేడాతో ఏమవుతుందో ఇంతకన్నా బాగా చెప్పలేను.

తర్వాతి పెద్ద గొడవ 'నాలుగు' గురించి. కన్నది తండ్రి, పుట్టింది కుమారుడు, బయలుదేరింది పవిత్రాత్మ అని 12వ శతాబ్దపు వేదాంత పండితుడు పీటర్ లొంబార్డ్ చెప్పాడు. దైవస్వభావం మాత్రం కనదు, పుట్టదు, బయలుదేరదు అన్నాడు. ఇటలీలోని కలాబ్రియాకు చెందిన మఠాధిపతి జోవాకిమ్ దీన్ని తప్పుపట్టాడు. ముగ్గురు వ్యక్తులు, విడిగా ఒక స్వభావం, కలిపితే నాలుగయ్యాయి కదా అన్నాడు. 1215లో పోపు మూడో ఇన్నోసెంట్ పిలిచిన నాలుగో లాటరన్ మహాసభ, పీటర్ లొంబార్డ్‌తో కలిసి విశ్వసిస్తున్నామని పేరుపెట్టి ప్రకటించింది. ఆ స్వభావం పక్కన ఉన్న నాలుగో వస్తువు కాదనీ, ముగ్గురూ కలిసీ, ఒక్కొక్కరూ విడిగానూ అదేననీ చెప్పింది. సృష్టికర్తకూ సృష్టికీ మధ్య ఎంత పోలిక చెప్పినా, అంతకన్నా పెద్ద తేడా ఉంటుందన్న మాట కూడా ఆ తీర్మానంలోనే ఉంది. అది చదివాక నేను క్లాసులో ఐసు, ఆవిరి జోలికి వెళ్లడం లేదు.

అదే శతాబ్దంలో థామస్ అక్వినాస్ అనే వేదాంత పండితుడు ఇచ్చిన వివరణ నాకు అన్నిటికన్నా నచ్చింది. ముగ్గురి మధ్య తేడా సంబంధంలోనే ఉంది. తండ్రికి ఉన్నదంతా కుమారుడికీ ఉంది, తండ్రి కావడం ఒక్కటి తప్ప. పాపకు కూడా ఇలాగే చెప్పాను: ప్రార్థన చేసింది మనిషిగా పుట్టిన కుమారుడు, విన్నది తండ్రి. ఇద్దరు దేవుళ్లు కారు, అలాగని ఒకే వ్యక్తీ కాదు.

ఇక రెండో ప్రశ్న, ఆ వాదనల్లో నేటికీ మిగిలింది ఏమిటని. తేడా సంబంధంలోనే ఉందంటే, కుమారుడికీ పవిత్రాత్మకూ మధ్య కూడా ఒక సంబంధం చూపించాలి. అందుకే లాటిన్ పండితులు, అంటే పశ్చిమ ఐరోపా వాళ్లు, పవిత్రాత్మ తండ్రి నుండే కాక కుమారుని నుండి కూడా బయలుదేరుతుందని గట్టిగా పట్టుబట్టారు. ఆ మాట పశ్చిమ దేశాల్లో అంతకు ముందే విశ్వాస ప్రమాణంలో చేరింది. 1014లో రోములో రెండో హెన్రీ చక్రవర్తి పట్టాభిషేకం నాటికి అక్కడా పాడారు. అందరి ఒప్పుదలా లేకుండా ఎలా కలిపారని తూర్పున ఉన్న గ్రీకు సంఘాల అభ్యంతరం. 1439లో ఫ్లోరెన్స్‌లో ఇరుపక్షాల మధ్య ఒప్పందం కుదిరినా గ్రీకుల తరఫున వచ్చిన ఎఫెసు మార్క్ సంతకం పెట్టలేదు, ఆ ఒప్పందమూ నిలవలేదు.

ఆ మాట ఇప్పటికీ ఉంది. మేము పూజలో చెప్పే నైసీయ విశ్వాస ప్రమాణంలో కుమారుని నుండి కూడా అంటాం. నాతో పనిచేసే ఒక మలయాళీ స్నేహితురాలిది మలంకర ఆర్థడాక్స్ సంఘం. వాళ్ల ప్రమాణంలో అది లేదు, తండ్రి నుండి అని మాత్రమే ఉంది.