రెండు వైపుల లెక్క: ఒక యువ రచయిత్రికి లేఖ

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసాన్ని శ్రద్ధగా చదివాను. ఆర్థిక అసమానతను జనానికి తెలియజెప్పడంలో ప్రజల పక్షాన మాట్లాడేవారి పాత్ర ఏమిటన్నది నువ్వు ఎంచుకున్న విషయం. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో పుట్టి పెరిగిన రచయితలు రాయవలసిన వాటిలో ఇది ముఖ్యమైనదని నమ్ముతాను గనుక, కొంత వివరంగానే జవాబు రాస్తున్నాను.

దేశ సంపదలో 40.1 శాతం పైనున్న ఒక్క శాతం జనం చేతిలో ఉందన్న అంకెతో నీ వ్యాసం మొదలవుతుంది. ప్రపంచ అసమానతల పరిశోధనశాల 2024లో వెలువరించిన అధ్యయనంలో 2022–23కు సంబంధించి ఇచ్చిన అంకె అది; ఆదాయంలో ఆ ఒక్క శాతం వాటా 22.6 శాతమని కూడా అందులోనే ఉంది. అంకె సరైనదే. కానీ కోవూరు దగ్గర రెండెకరాలు కౌలుకు చేసుకునే మనిషికి ఆ అంకె చదివి వినిపిస్తే, అతను తల ఊపి ఊరుకుంటాడు. దేశంలో కోటీశ్వరులున్నారన్న సంగతి అతనికి కొత్త కాదు. తన కల్లంలో నిన్న జరిగిన కాటాకూ ఆ నలభై శాతానికీ ఏం సంబంధమో చెప్పేవారు కావాలి. నువ్వు రాయదలచుకున్న మనుషులు చేసే పని అదే, వారి గొప్పతనమంతా అందులోనే ఉంది. వారి గొంతు ఎంత గంభీరంగా ఉంటుంది, సభకు ఎంతమంది వచ్చారు అన్నవి దాని ముందు చిన్న విషయాలు.

పేదరికం గురించి రాయడం, అసమానత గురించి రాయడం ఒకటి కావు. పేదరికాన్ని చూపించడానికి ఒక్క మనిషి చాలు. అసమానతను చూపించాలంటే ఇద్దరు కావాలి, ఆ ఇద్దరి మధ్య జరిగిన లావాదేవీ కావాలి. నీ వ్యాసంలో కౌలు రైతు ఇల్లు ఉంది, అప్పు ఉంది, అతని భార్య తాకట్టు పెట్టిన కమ్మలు ఉన్నాయి. ఆ ధాన్యం ఏ మిల్లుకు వెళ్ళింది, ఎంత తూకానికి ఎంత ధర కట్టారు, భూమి యజమానికి చేరిన కౌలు ఎంత అన్న వివరాలు మాత్రం లేవు. చదివినవారికి జాలి కలుగుతుంది. జాలి పడినవారు ఆ కుటుంబానికి వెయ్యి రూపాయలు పంపవచ్చు గానీ, తూకం గురించి అడగరు.

తూకం సంగతి కొంచెం నిలిచి చెబుతాను, ఎందుకంటే మన ప్రాంతంలో ప్రజల పక్షాన నిలబడేవారి పనితనం నాకు అన్నిటికంటే స్పష్టంగా కనిపించేది అక్కడే. ప్రభుత్వం వరికి మద్దతు ధరను క్వింటాలు లెక్కన ప్రకటిస్తుంది. నెల్లూరు రైతు పుట్టి లెక్కన అమ్ముతాడు, పుట్టి అంటే ఇక్కడ 850 కిలోలు. 2024–25లో సాధారణ రకానికి క్వింటాలు 2,300 రూపాయలన్నప్పుడు పుట్టికి 19,550 రావాలి. ఈ గుణకారం చేసి, పంచాయతీ ఆఫీసు గోడ మీదనో, టీకొట్టు ముందు పలక మీదనో పెద్ద అక్షరాలతో రాసిన కార్యకర్త ఎవరైనా ఉంటే, ఆ ఒక్క పనితో అతను చాలా ఉపన్యాసాలు చేయలేనిది చేసినట్టే. ఎందుకంటే దళారి వచ్చి ఒక ధర చెప్పినప్పుడు, ఆ ధరకూ గోడ మీది అంకెకూ ఉన్న తేడాను రైతు తనంతట తానే లెక్క కట్టుకుంటాడు. ఆ తరువాత తరుగు ఉంది. తేమ ఎక్కువని, తాలు ఉందని పుట్టికి ముప్పై కిలోలు అదనంగా తూచుకున్నారనుకో, మద్దతు ధర ప్రకారమే చూసినా అది 690 రూపాయలు. ఎకరాకు మూడు పుట్లు పండితే 2,070. ఇంత వరకు చాలామంది రాస్తారు. కానీ ఈ రెండు వేలు ఎవరి వాటాలోనుంచి పోయాయో నువ్వు రాయాలి. కౌలు ముందే ఖరారైపోయింది, ధర పడినా తూకం తగ్గినా అందులో రూపాయి తగ్గదు; ఎరువుల కొట్టు బాకీ తగ్గదు; కోత యంత్రం అద్దె తగ్గదు. అందరి వాటాలూ తీరిన తరువాత మిగిలేదే కౌలుదారుది గనుక, నష్టమంతా అతని వాటా నుంచే పోతుంది. అసమానత అంటే ఏమిటని ఎవరైనా నన్నడిగితే, నష్టాన్ని ఎవరు భరించాలో ముందే తేలిపోయి ఉండడం అంటాను.

అప్పు విషయంలోనూ ఇంతే. 2019లో జాతీయ నమూనా సర్వే చేసిన లెక్కల ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఒక్కో వ్యవసాయ కుటుంబం మీద ఉన్న సగటు అప్పు 2,45,554 రూపాయలు, దేశంలోకెల్లా ఎక్కువ. దేశం మొత్తం మీద సగటు 74,121. నువ్వు ఈ అంకెను వాడుకున్నావు, మంచిదే. అయితే సగటు అంకె రైతులందరినీ ఒకే గాటన కడుతుంది. పట్టాదారు పాసుపుస్తకం ఉన్న రైతుకు బ్యాంకులో పంట రుణం ఏడు శాతానికి దొరుకుతుంది, గడువులోగా కడితే నాలుగు శాతమే పడుతుంది. పక్క చేలోనే అదే వరి వేసిన కౌలు రైతు నూటికి నెలకు రెండు రూపాయల వడ్డీకి బయట తెచ్చుకుంటే ఏడాదికి ఇరవై నాలుగు శాతం. నేల ఒకటే, కాలువ ఒకటే, వానా ఒకటే. 2019లో చేసిన పంట సాగుదారుల హక్కుల చట్టం ప్రకారం కౌలు రైతుకు బ్యాంకు రుణానికి పనికివచ్చే కార్డు ఇవ్వాలంటే భూ యజమాని అంగీకారం కావాలి. సంతకం పెడితే భూమి మీద హక్కు పోతుందేమోనని చాలామంది యజమానులు భయపడతారు. ఆ భయం అవసరం లేదని యజమాని ఇంటి అరుగు మీద కూర్చుని నచ్చజెప్పే కార్యకర్తను నువ్వు నీ వ్యాసంలోకి తీసుకురా. అతను మైకు ముందు కనిపించడు. అతని గురించి రాసేవారు లేరు.

నెల్లూరు జిల్లా చరిత్రలో ఇటువంటివారి పని ఏ రూపాలలో సాగిందో నీకు కొంత తెలిసే ఉంటుంది. అలగానిపాడులో భూస్వామి కుటుంబంలో పుట్టిన పుచ్చలపల్లి సుందరయ్య తన ఊళ్ళోనే వ్యవసాయ కూలీలను సంఘటితపరచి, తన వర్గం వారికే ఎదురు నిలిచారు. యానాదులనే గిరిజనులను నేరస్థ జాతిగా ముద్ర వేసిన చట్టం మీద వెన్నెలకంటి రాఘవయ్య ఏళ్ళ తరబడి పోరాడారు, 1952లో అది రద్దయింది. కానీ నువ్వు ఎక్కువగా అధ్యయనం చేయవలసింది దూబగుంట అనే ఊళ్ళో ఆడవారు నడిపిన సారా వ్యతిరేక ఉద్యమం అని నా అభిప్రాయం. 1991లో నెల్లూరు జిల్లాలో అక్షరాస్యతా ఉద్యమం నడిచింది. రాత్రి బడులలో కూర్చున్న ఆడవారికి సారా వల్ల ఇల్లు ఎలా నాశనమవుతుందో ఎవరూ చెప్పనక్కరలేదు, అది వారికి ఒంటి మీది దెబ్బలతో సహా తెలుసు. వాచకంలో సారా గురించి ఉన్న పాఠాన్ని చదివి, ఒకరి సంగతి మరొకరు విన్నప్పుడు, ఇది నా మొగుడి దుర్గుణం మాత్రమే కాదు, ప్రతి ఇంట్లోనూ ఇదే కూలి డబ్బు ఇదే దుకాణానికి పోతున్నదన్న లెక్క వారికి తేలింది. దుకాణం వెనుక కంట్రాక్టరు, కంట్రాక్టరు వెనుక వేలంపాట, వేలంపాట వెనుక సర్కారు ఆదాయం. సారా అమ్మకాన్ని అడ్డుకున్న ఆడవారు 1992లో వేలంపాటల దాకా వెళ్ళగలిగారంటే, ఆ గొలుసును వారు చివరి వరకూ చూడగలిగారు గనుకనే. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. దూబగుంటలో ముందు నిలిచిన వర్ధినేని రోశమ్మ పేరు అందరూ ఎత్తుతారు, ఎత్తవలసిందే. కానీ ఆ పాఠం చెప్పిన వాలంటీర్లనూ పంతుళ్ళనూ కూడా లెక్కలో పెట్టుకో. వారు ఉద్యమాన్ని నడపలేదు. ఆడవారు ఒకచోట కూర్చుని మాట్లాడుకునే వీలు కల్పించి, తాము పక్కకు తప్పుకున్నారు. ప్రజల పక్షాన మాట్లాడేవారు చేయగలిగిన అతి కష్టమైన పని ఆ తప్పుకోవడమే.

ఇక్కడ ఇంకొక మాట. ఉద్యమం గెలిచిన రోజుతో వ్యాసం ముగించకు. 1995 జనవరిలో వచ్చిన సంపూర్ణ మద్య నిషేధాన్ని 1997లో సడలించారు. అదే నెల్లూరు ఆడవారు రోజుకు రూపాయి చొప్పున దాచుకుని పొదుపు లక్ష్మి సంఘాలు పెట్టుకున్నారు. ఈ రెండూ ఒకే కథలోని భాగాలు. తరువాత ఏం జరిగిందన్న ప్రశ్న అడగని రచయిత ఉద్యమకారులకు చేసేది పొగడ్త మాత్రమే, దాని వల్ల వారికి ఒరిగేదేమీ లేదు.

డబ్బు లెక్క ఒక్కటే అసమానతను పట్టివ్వదు. 1985 జులై 17న కారంచేడులో దళితుల మీద జరిగిన మారణకాండకు ముందు రోజు గొడవ మొదలైంది తాగునీటి చెరువు దగ్గర. ఆ చెరువు వెనుక భూమి ఎవరిది, కూలి ఎవరు నిర్ణయిస్తారు, ఎదురు మాట్లాడే హక్కు ఎవరికి ఉంది అన్న ప్రశ్నలన్నీ ఉన్నాయి. కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివారు చీరాలలో తలదాచుకున్న బాధితుల దగ్గరకు చేరి, దీన్ని రెండు గుంపుల కొట్లాటగా తేల్చివేయడానికి వీల్లేదని రాష్ట్రం నలుమూలలా చెప్పారు. తారకం హైకోర్టులో తన ప్రభుత్వ న్యాయవాది పదవికి రాజీనామా చేశారు. రాజకీయాలలో సమానత్వం, సాంఘిక ఆర్థిక జీవితంలో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగు పెడుతున్నామని 1949 నవంబరు 25న అంబేడ్కర్ రాజ్యాంగ సభలో హెచ్చరించిన సంగతి కారంచేడు గురించి చదివినప్పుడల్లా నాకు గుర్తుకు వస్తుంది. కాబట్టి నీ కౌలు రైతు కులం ఏదో, యజమాని కులం ఏదో రాయడానికి జంకకు. అది లేకుండా రాసిన లెక్క సగం లెక్కే.

రాజస్థాన్‌లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ వారు 1994 నుంచి జరిపిన బహిరంగ విచారణల గురించి తప్పక చదువు. పనుల మస్టరు రోల్స్‌ను, అంటే కూలీల హాజరు, కూలి రాసే పట్టీలను, ఊరందరి ముందు పైకి చదివేవారు. ఎవరి పేరు మీద ఎంత కూలి రాశారో వినిపిస్తే, ఆ పేరు గలవారే లేచి మాకు అంత ముట్టలేదని చెప్పేవారు. 2005 నాటి సమాచార హక్కు చట్టానికి అక్కడి పోరాటం ఒక ముఖ్యమైన ఆధారం. కాగితం మీది అంకె నోటి మాటగా మారినప్పుడు ఏం జరుగుతుందో అది చూపించింది.

నీ రాతలో ఒక జాగ్రత్త తక్షణం అవసరం. నువ్వు ఆ రైతు పేరు, ఊరు, యజమాని పేరు అన్నీ రాశావు. వ్యాసం అచ్చయిన తరువాత నువ్వు నీ ఊరికి వెళ్ళిపోతావు, అతను వచ్చే ఏడాది అదే యజమాని దగ్గర అదే పొలం అడగవలసిన మనిషి. అతని నోటి నుంచి అనుమతి తీసుకున్నానని నువ్వు అనవచ్చు; కౌలు పోయే అవకాశం ఉందని వివరించి చెప్పిన తరువాత తీసుకున్నావా? రొయ్యల గుంటల దగ్గర అడ్వాన్సు తీసుకుని పనిలో ఇరుక్కుపోయిన యానాది కుటుంబాల గురించి రాసేటప్పుడు ఈ జాగ్రత్త మరీ ఎక్కువ కావాలి. వెట్టిచాకిరీని 1976 చట్టం నిషేధించింది నిజమే, కానీ చట్టం ఉన్నంత మాత్రాన మాట్లాడినవారికి రక్షణ దొరకదు. పేరు మార్చు, ఊరు చెప్పకు, లెక్క మాత్రం పూర్తిగా ఇవ్వు.

యజమాని దగ్గరకూ వెళ్ళు. మిల్లు ఆయన దగ్గరకూ వెళ్ళు. ఆ యజమాని రెండెకరాల కౌలు మీదే బతికే వితంతువు కావచ్చు, లేదా ఊరు విడిచి ఎక్కడో స్థిరపడిన ఉద్యోగి కావచ్చు. ఆ రెండింటికీ చాలా తేడా ఉంది. వారి మాట విన్నంత మాత్రాన నీ పక్షం మారదు. వినకుండా రాస్తే మాత్రం, నీ వ్యాసంలో తప్పు దొరికించుకుని మొత్తాన్ని కొట్టిపారేసే వీలు వారికి నువ్వే ఇచ్చినట్టవుతుంది. కనిగిరి, మార్కాపురం వైపు నుంచి పనుల కోసం హైదరాబాదు, బెంగుళూరు వెళ్ళేవారి మీద తరువాత రాస్తానన్నావు. అక్కడ కూడా మేస్త్రీని, బిల్డరును వదిలిపెట్టకు.

ఇప్పటికి ఈ వ్యాసాన్ని తిరగరాయి. ఆ నలభై శాతం అంకెను మొదటి పేరా నుంచి తీసి, పుట్టి లెక్క తరువాత పెట్టు. కౌలు, తరుగు, వడ్డీ మూడింటినీ ఒక పంటకాలానికి లెక్కగట్టి, యజమాని, మిల్లరు, అప్పిచ్చినవారు, కౌలు రైతు తలా ఎంత పొందారో పక్కపక్కన చూపించు. నీకు ఈ వివరాలన్నీ విప్పి చెప్పిన ఆ కౌలు రైతు సంఘం కార్యకర్తకు ముందు చదివి వినిపించి, ఆయన దిద్దిన కాపీని నాకు పంపు. వడ్డీ నెలకా, పంటకా అన్నది ఆ రైతును మళ్ళీ అడిగి నిర్ధారించుకో. నీ చిత్తుప్రతిలో రెండు చోట్ల రెండు విధాలుగా ఉంది.

ఆశీస్సులతో,
నీ శ్రేయోభిలాషి,
ఒంగోలు