మండువా లోగిట్లో వేసవి కచేరీలు: మైకు పెట్టాలా, వద్దా?

మీరు అడిగింది ఇదీ. ఫిన్లాండులో కూహ్మో అనే చిన్న ఊళ్ళో 1970 నుంచి వేసవిలో ఛాంబర్ మ్యూజిక్ ఉత్సవం చేస్తున్నారు కదా, అలాంటిది కోనసీమలో మా ఊళ్ళోనూ పెట్టగలమా, రెండొందల మంది వస్తే స్టేజీ, మైకుల సంగతి ఏం చేయాలి అని.

తప్పకుండా పెట్టగలరండి. రాజోలు వైపు మా అత్తగారి ఊళ్ళో మేము ఆరు వేసవులుగా మూడేసి రోజులు కచేరీలు పెడుతున్నాం. స్టేజీ లేదు, మైకు లేదు. మీరూ ఆ రెండూ వద్దనుకునే మొదలుపెట్టండి. మిగతా ఏర్పాట్లన్నీ దాన్నిబట్టే తేలతాయి.

ఛాంబర్ అంటే గది. ఒక గదిలో రెండు వయొలిన్లు, వాటికన్నా పెద్దవైన ఒక వయోలా, ఒక చెల్లో. ఎవరి వరస వాళ్ళదే, ముందు నిలబడి చెయ్యి ఊపేవాళ్ళు ఉండరు, ఒకరి మొహం ఒకరు చూసుకుంటూ వాయించుకుంటారు. మన కచేరీ కూడా ఆ కొలతలోదే కదండీ! వీణ, వయొలిన్, మృదంగం, ఘటం, వెనక తంబూరా. బాలమురళీకృష్ణగారు 1930లో పుట్టింది శంకరగుప్తంలో. వైణికులు ఈమని శంకరశాస్త్రిగారిది ద్రాక్షారామం. మాండలిన్ శ్రీనివాస్‌ది పాలకొల్లు. ఇంత దగ్గరలో ఉండి కూడా మా తరం మాత్రం వాళ్ళ సంగీతాన్ని రేడియోలోనూ క్యాసెట్లలోనూ విన్నదే ఎక్కువ. వీణ తీగ లాగేటప్పుడు దాని కిందున్న మెట్టు మీద వేలు జరిగే ఆ సన్నని చప్పుడు నేను ముప్ఫయ్యేళ్ళు దాటాక గాని వినలేదు. అది వినిపించాలనే ఈ కచేరీలు మొదలుపెట్టాం.

మాది మండువా ఇల్లు. నాలుగు వైపులా వసారాలు, మధ్యన ఆకాశం. వాయించేవాళ్ళని పడమటి వసారాలో గోడకి వీపు ఆనేలా కూర్చోబెడతాం. ఆరుబయట పందిరి వేస్తే వీణ నాదం గాలికి కొట్టుకుపోతుంది, వెనక గోడ ఉంటేనే జనం వైపు తిరుగుతుంది. రెండో ఏడు ఊళ్ళోవాళ్ళ బలవంతం మీద సౌండ్ సిస్టమ్ తెప్పించాం. ఆ కుర్రాడు పెళ్ళిళ్ళకి పెట్టినట్టే పెట్టాడు, అతని తప్పేం లేదు, అతనికి తెలిసింది అదే. వీణ గిటారులా మోగింది, గమకాలన్నీ, అంటే స్వరాన్ని ఊపే వంపులన్నీ, ఒకదాన్నొకటి అలుక్కుపోయాయి. రెండో కృతి మధ్యలో కరెంటు పోయింది. మైకుతోపాటు ఫ్యాన్లూ ఆగిపోయాయి. వీణ పట్టుకున్న అమ్మాయి ఆపకుండా వాయిస్తూనే ఉంది. మంద్రస్థాయి తీగ మోత అరుగు మీద కూర్చున్న మా మామయ్యగారి దాకా వచ్చింది. ఆయనకి ఒక చెవి సరిగ్గా వినపడదు. అయినా ‘ఇప్పుడు వినపడుతోందమ్మా’ అన్నారు. ఆ మర్నాటి నుంచి కచేరీ సాగినంతసేపూ ఫ్యాన్లు కట్టేసి, వచ్చినవాళ్ళందరికీ తాటాకు విసనకర్రలు ఇస్తున్నాం. పొద్దు వాలాక సముద్రం వైపు గాలి తగులుతుంది కాబట్టి భరించగలం.

అందుకే మాకు పూటకి అరవై మందే లెక్క. రెండొందల మంది వస్తారంటే పందిరి పెంచకండి, పూటలు పెంచండి. ఉదయం ఆరున్నరకొకటి, సాయంత్రం ఏడుకొకటి.

తేదీల విషయంలో పంచాంగం దగ్గర పెట్టుకోండి. పెళ్ళి ముహూర్తం ఉన్న రాత్రి పక్కవీధిలో డీజే మోగితే మీ కచేరీ అయిపోయినట్టే. మూఢం రోజులు దొరికితే మరీ మంచిది. రోహిణి కార్తె రాకముందే ముగించేయండి. త్యాగరాజస్వామి పుట్టింది 1767 మే 4న కాబట్టి మేము ఆ వారానికే దగ్గరగా చూసుకుంటాం. అప్పటికి కాలువలు కట్టేసి ఉంటారు, తాగునీటి టిన్నులకి ముందే చెప్పి పెట్టుకోండి.

ఇక వాద్యాల సంగతి. దీనిమీద మాత్రం చాలా శ్రద్ధ పెట్టండి, ఎందుకంటే మేము ఒక మంచి వీణని పాడుచేశాం. వీణకి ఉండే ఇరవై నాలుగు మెట్లూ మైనం మీద నిలబడి ఉంటాయి. నాలుగో ఏడు ఒక వైణికురాలిని మేమే కారులో తీసుకొస్తూ, దారిలో భోజనానికి ఆగాం. మిట్టమధ్యాహ్నం, మే నెల. వీణ కారులోనే ఉంది. ఇంటికొచ్చి గలీబు విప్పేసరికి మైనం మెత్తబడి పై స్థాయి మెట్లు పక్కకి ఒరిగి ఉన్నాయి. ఆవిడ వేలితో ఒక మెట్టుని కదిపి చూసి, ఏమీ అనకుండా మళ్ళీ గలీబు తొడిగేశారు. మళ్ళీ మేళం కట్టించాలంటే, అంటే మెట్లన్నీ మైనం మీద శ్రుతికి సరిగ్గా నిలబెట్టించాలంటే, అది తెలిసిన పనివాడే చేయాలి, గంటల్లో అయ్యే పని కాదు. ఆ సాయంత్రం ఆవిడ గాత్రకచేరీ చేశారు, చాలా బాగా పాడారు. మేళం కట్టించిన ఖర్చు మేమే ఇచ్చుకున్నాం. కానీ ఆవిడ వీణని చూసుకున్న చూపు నాకింకా గుర్తుంది. అందుకే చెబుతున్నాను: వాద్యం మనిషితో పాటు దిగాలి, మనిషితో పాటు నీడకి చేరాలి. తెల్లవారుజామున ప్రయాణం పెట్టండి. ఏసీ గదిలోంచి ఉక్కపోతలోకి ఒక్కసారిగా తేకండి, కనీసం గంట ముందు వసారాలో పెట్టి ఉంచితే శ్రుతి కుదురుకుంటుంది. మృదంగం తోలుకి కూడా ఉక్క పడదు, బిగువు మారిపోతుంది. మధ్యమధ్యలో సరిచేసుకోవడానికి వాళ్ళకి వ్యవధి ఇవ్వండి. జనం విసుక్కోరు. శ్రుతి చేసుకోవడం చూడటానికే కొందరు ముందొస్తారు.

డబ్బు గురించి క్లుప్తంగా. టికెట్ పెట్టలేదు. సెలవులకి ఊరొచ్చే పిల్లలు, అల్లుళ్ళు తలా కొంత వేసుకుంటారు. పక్కవాద్యాలవాళ్ళకి కూడా పారితోషికం అదే రోజు, కవరులో పెట్టి చేతికివ్వండి. దాతల పేర్లు పలక మీద రాసిపెట్టండి చాలు. సన్మానాలు, ఉపన్యాసాలు మొదలైతే వినేవాళ్ళు లేచిపోతారు. భోజనం ఇంటి భోజనమే: పప్పు, మామిడికాయ, పనసపొట్టు కూర, మజ్జిగ. పాడేవాళ్ళకి పెరుగు పడుతుందో లేదో ముందే అడగండి.

ఈ మే నెలలో ఒకసారి మా ఊరు రండి. పాలకొల్లు వైపు నుంచైతే చించినాడ వంతెన దాటి రావచ్చు. సాయంత్రం అయిదుకల్లా వస్తే వాద్యాలు సర్దుకోవడం చూడొచ్చు. మృదంగం ఎడమ మూతకి పెట్టే రవ్వముద్ద కలిపేది మా వీధి పిల్లలే, మీ పిల్లలనీ తీసుకురండి.